నూలుకు గంజి

హుసేనమ్మ అన్నం వార్చే వేళకు వెనక గోడ అవతల సత్తు తపేలా చప్పుడయ్యేది. మహాదేవమ్మ కేకేసి పిలిచేది కాదు. తపేలా అంచును గోడరాయికి తాకించి నిలబడేది.

"నూలుకు గంజి కావల్ల, ఉసేనమ్మా."

"పోస్తా అక్కా. రొంత చల్లారనీ."

ఎమ్మిగనూరులో ఆ గోడకు ఇవతల వీధి చర్చి గేరి, అవతల వీధి మగ్గాల గేరి. హుసేనమ్మ వాళ్లు తాతల నాటి నుంచి క్రైస్తవులు. ఆమె పీర్ల పండగ రోజుల్లో పుట్టిందని నాయనమ్మ ఆ పేరు పెట్టింది. బాప్తిస్మంలో ఎస్తేరు అని మార్చారు గానీ ఆ పేరుతో పిలిచేది చర్చి అయ్యగారు ఒక్కరే. మహాదేవమ్మ వాళ్లు నేసేవాళ్లు, మెడలో లింగం కట్టుకునే కులం. చర్చి గేరి ఇళ్లలో వాళ్లు మంచినీళ్లు కూడా తాగరు. నూలు తినేది కాదు కాబట్టి దానికి మాత్రం ఎవరింటి గంజైనా పనికొస్తుంది. అత్తల కాలం నుంచి ఆ గోడ మీదుగా గంజి పోతూనే ఉంది.

మగ్గాల గేరి అనేది ఇప్పుడు పేరుకే. అక్కడ చేత్తో నేసేది మహాదేవమ్మ భర్త నీలకంఠప్ప ఒక్కడే. మిగిలినవాళ్లు పవర్‌లూంల దగ్గర కూలికి కుదిరారు, లేదంటే బెంగళూరు పోయారు. నీలకంఠప్పకు ఉబ్బసం. మగ్గం గుంటలోకి దిగితే పైకి రావడానికి భార్య చెయ్యి పట్టుకోవాలి. అయినా ఇంకొకడి షెడ్డులో మరలు తిప్పే పనికి పోనన్నాడు.

పడుగుకు గంజి పట్టించడం ఇంట్లో దాచుకుని చేసే పని కాదు. గేరి ఈ కొస నుంచి ఆ కొసకు కొయ్యలు పాతి, నూలు చాచి, గంజి పూసి కుంచెతో దువ్వాలి. ఆ పొద్దు మోటారు సైకిళ్లు కూడా చుట్టు తిరిగి పోవాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి హుసేనమ్మ అది చూస్తూనే ఉంది. ఆ చలికాలం గేరిలో కొయ్యలు పాతలేదు. తపేలా మాత్రం రోజూ వచ్చింది. ఆమె ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. పత్తి విడిపించే కూలికి గోనెగండ్ల వైపు పొద్దున్నే ఆటో ఎక్కే మనిషి. ఆలోచించే తీరిక లేదు.

ఒకరోజు కూలి లేక, ఉతికిన బట్టలు ఆరేయడానికి బండరాయి ఎక్కింది. గోడ అవతల మహాదేవమ్మ కింద కూర్చుని ఉంది. కొంగులోంచి ఉప్పు తీసి తపేలాలో వేసుకుంది. ఊదుకుంటూ సగం తాగి, మిగతా సగానికి మూత పెట్టింది.

హుసేనమ్మ చప్పుడు కాకుండా రాయి దిగింది. తడి బట్టలు చేతిలోనే ఉండిపోయాయి.

మర్నాడు ఆమె గంజిలో గరిటెడు అన్నం వదిలేసింది. మహాదేవమ్మ తపేలాలోకి చూసింది.

"అన్నం పడినట్టుండాదే, ఉసేనమ్మా."

"పడితే పడనీలే అక్కా. సిక్కగా ఉంటే నూలుకు మంచిది కదా."

మహాదేవమ్మ తపేలా మీద కొంగు కప్పింది.

"ఆ. మంచిదే," అని లోపలికి పోయింది.

వాళ్లిద్దరూ ఆ తర్వాత కూడా నూలు గురించే మాట్లాడుకున్నారు. నూలు ఇయ్యాల బాగా తాగిందా అని హుసేనమ్మ అడిగేది. తాగిందిలే, నీ పున్నెం అని మహాదేవమ్మ అనేది. చాలా రోజులకు గానీ అసలు సంగతి బయటికి రాలేదు. నీలకంఠప్ప ఇంటి మీటరుకు తీగ తగిలించి పక్కవాడు పవర్‌లూం నడిపాడు. కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని వీళ్ల రేషను కార్డు పోయింది. ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగినా కార్డు రాలేదు.

"గంజి నేను తాగుతా. ఆయప్పకు ఏం పెట్టేది? పొయ్యి మీద బియ్యం ఉడికితే గానీ ఇంట్లో కూడు ఉందని నమ్మడు," అంది మహాదేవమ్మ.

అప్పటి నుంచి గంజితో పాటు గుడ్డలో కట్టిన బియ్యం కూడా గోడ దాటింది. పుట్టిల్లు హొళగుంద నుంచి తమ్ముడు పంపినాడని మహాదేవమ్మ భర్తకు చెప్పుకుంది.

"ఆయప్పకు తెలిస్తే గుంటలోనే పడి సస్తాడు. మా వాళ్లకు తెలిస్తే మా ఇంటికి నిప్పు కూడా ఇయ్యరు. ఎవురికీ సెప్పనని ఒట్టెయ్యి."

"మాలో ఒట్టు పెట్టుకోకూడదు అక్కా. సెప్పనంటే సెప్పను, అంతే."

"ఒట్టు లేకుంటే ఎట్ల నమ్మేది?"

"నమ్ము. ఇంగేం సేస్తావు?"

మహాదేవమ్మ నవ్వింది. ఆ చలికాలంలో హుసేనమ్మ ఆమె నవ్వు చూసింది ఆ ఒక్కసారే.

*

ఆ బియ్యం దేవునివి. చర్చి గేరిలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెల మొదటి ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెచ్చి, పీఠం పక్కన ఉన్న డ్రమ్ములో పోస్తారు. ఇంట్లో కొరత ఉన్నా పిడికెడు తీయడం మానరు. హుసేనమ్మ కూడా మానలేదు. డబ్బాలో వేయాల్సింది గుడ్డలో వేసింది. దేవుడు ఆకలితో మన వాకిట్లోకి వస్తాడని చిన్నప్పటి నుంచి విన్నది. వచ్చినప్పుడు పెట్టింది. తను తప్పు చేస్తున్నానన్న అనుమానం ఆమెకు రాలేదు.

అనుమానం పుష్ప టీచరుకు వచ్చింది. ఆమె చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి కార్యదర్శి. డ్రమ్ము దగ్గర నిలబడి డబ్బాలు అందుకునేది ఆమే.

"ఈ నెల కూడా లేదా, ఉసేనమ్మా?"

"లేదు టీచరమ్మా."

"పొయ్యి వెలిగించడంలేదా మీ ఇంట్లో?"

"వెలిగిస్తాండాం."

"మరి పిడికెడు తీయడంలేదా?"

"తీస్తాండా."

"తీసి?"

 తీయలేదని ఒక మాట అనేస్తే అయిపోయేది. కొరతగా ఉందమ్మా, తీయలేదు అంటే పుష్ప టీచరు జాలిపడి వదిలేసేది. ఆ అబద్ధం హుసేనమ్మ నోటికి రాలేదు.

అది జనవరి. ఊళ్లో జాతర. మగ్గాల గేరి వాళ్లు జాతరలో అన్నదానం పెడతారు. అదే వారంలో హుసేనమ్మ గోడ మీదుగా మూట అందిస్తుంటే చర్చి గేరి ఆడమనిషి ఒకామె చూసింది. ఆదివారానికల్లా అది కథ అయింది. దేవుని బియ్యం జాతరకు పోసిందంట. విగ్రహానికి పెట్టిందంట.

సంఘ కమిటీ ఆమెను పిలిచింది. అయ్యగారు ప్రేమ్ కుమార్‌కు నలభై ఏళ్లు ఉండవు. ఎవరిమీదా గొంతెత్తే మనిషి కాదు.

"జాతరకు ఇచ్చావా, ఎస్తేరమ్మా?"

"లేదయ్యా."

"ఎవరికి ఇచ్చావు?"

"సెప్పలేనయ్యా."

"దేవుని సొమ్ము కదమ్మా. సంఘం అడిగితే చెప్పాలి కదా?"

"సెప్పనని మాటిచ్చినానయ్యా."

కమిటీలో ఒకాయన, "బాగుంది, ఈమె మాటిచ్చిందంట, మనం నోరు మూసుకోవాలంట," అన్నాడు. చెప్పేవరకు హుసేనమ్మకు ప్రభువు బల్ల ఆపాలని తీర్మానించారు. రొట్టె, ద్రాక్షారసం అందరికీ ఇస్తారు. ఆమె బెంచీలోనే కూర్చోవాలి.

బయటివాళ్లకు అది చిన్న సంగతి. గోనెగండ్ల దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో, టీ హోటలు చూరులో వాళ్ల కులం గ్లాసులు వేరేగా చెక్కి ఉండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే చెక్కాలి. ఆ ఊళ్లో ఆమె పదిమందితో కలిసి పెదవి ఆనించిన పాత్ర చర్చి గిన్నె ఒక్కటే. రెడ్ల పిల్ల ఒకామె మతం పుచ్చుకుని వచ్చి అదే గిన్నెలో తన తర్వాత తాగింది. దాన్ని హుసేనమ్మ ఎన్నడూ మర్చిపోలేదు. ఇప్పుడు ఆ గిన్నె ఆమె బెంచీ దాటి వెనక బెంచీకి పోయింది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు మోకాళ్లు పక్కకు జరిపి, ఆమెను దాటుకుని పోయి, దాటుకుని వచ్చారు.

"సెప్పి పారెయ్యరాదా? ఈ తిప్పలు నీకెందుకు?" అన్నాడు సుంకప్ప. ఆమె భర్త, ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి బోరాలు మోసి సాయంత్రం బస్సుకు వస్తాడు. గోడ సంగతి ఆయనకు మొదటి నుంచి తెలుసు. తన పళ్లెంలో అన్నం తగ్గిన రోజే పట్టేశాడు. పట్టి, ఏమీ అనలేదు.

"మాటిచ్చినా కదప్పా."

"ఊరికి సెప్పమంటానా? అయ్యగారి సెవిలో ఏస్తే మనిషికి సెప్పినట్టా? దేవునికి సెప్పినట్టు. దేవునికి ఎట్లాగూ తెలుసు."

"తెలిసినోనికి మళ్లా సెప్పేదేంది?"

"నీతో వాదం నావల్ల కాదు మేయ్. ఈస్టరుకు కూడా బెంచీలోనే కూసోని గోడలు సూడు."

ఆ మాట ఆమెకు తగిలింది. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల కాలం సగం గడిచింది. ఈస్టరు బల్ల లేకుండా ఒక్క ఏడు కూడా ఎరగదు. దేవునికి చెప్పినట్టే అన్న మాట మొదట కొట్టేసింది గానీ, పత్తి చేలో వంగి ఉన్నప్పుడు అది మళ్లీ మళ్లీ వచ్చింది. అయ్యగారు రోగుల దగ్గర కూర్చుంటారు. చచ్చేవాళ్లు ఆయన చెవిలో ఏవేవో చెప్పుకుంటారు. ఏ ఒక్కటీ ఇంతవరకు బయటికి రాలేదు.

ఈస్టరుకు వారం ముందు మట్టల ఆదివారం. దానికి ముందే అయ్యగారే ఇంటికి వచ్చారు. కుర్చీ లేక పెట్టె మీద కూర్చున్నారు. ఒత్తిడి చేయలేదు. ప్రార్థన చేసి లేవబోయారు. హుసేనమ్మే ఆపింది.

మొత్తం చెప్పింది. తపేలా, ఉప్పు, పోయిన రేషను కార్డు, హొళగుంద తమ్ముడు. చెబుతున్నంతసేపు అయ్యగారు కళ్లు మూసుకుని ఉన్నారు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"ఎవురితో అనొద్దయ్యా."

"నా నోటి నుంచి పేరు రాదమ్మా," అన్నారు ఆయన. "నిన్ను అనుమానించాం. సంఘమే నీకు క్షమాపణ చెప్పాలి."

ఆమెకు గుండె తేలికపడింది. ఆ వారం మహాదేవమ్మ కొన్నాళ్లు తపేలాతో రాలేదు. వచ్చినప్పుడు మంచి కబురుతో వచ్చింది. ఉగాదికని ఎవరో పడుగు ఇచ్చారట.

"ఈసారి నిజంగా నూలుకే గంజి," అంది.

*

చర్చి మీద రెండు మైకు హారన్లు ఉన్నాయి. ఒకటి రోడ్డు వైపు, ఒకటి మగ్గాల గేరి వైపు. వాక్యం అటు కూడా పోవాలని సంఘమే అట్లా కట్టించింది.

మట్టల ఆదివారం అయ్యగారు ధర్మం గురించి ప్రసంగించారు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేయికి తెలియకూడదని ప్రభువు కొండ మీద చెప్పిన మాట. హుసేనమ్మకు ఆ మాట ఇష్టం. కొంగు తల మీదికి లాక్కుని విన్నది.

"ప్రియులారా, అట్లాంటి సహోదరి మన మధ్యనే ఉంది. ఆమె పేరు నేను చెప్పను. నన్ను అడగవద్దు."

"స్తోత్రం," అన్నారు జనం.

"ఆమె మీద నిందలు వేశాం. బల్ల ఆపాం. ఆమె నోరు విప్పలేదు. ఎందుకో తెలుసా? ఈ గోడ అవతల, మగ్గం గుంటలో కూర్చుని నేసుకునే ఒక కుటుంబం పస్తులుంది. అభిమానం గల మనుషులు. ఆకలి అని అడగలేక నూలుకు గంజి అని అడిగారు. ఆ గంజి నూలుకు పోలేదు ప్రియులారా. కడుపులోకి పోయింది."

హుసేనమ్మ తల ఎత్తింది. కిటికీలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఉగాది పడుగు. చర్చిలో ఇంకెవరూ దాన్ని వింటున్నట్టు లేదు.

"ఇంటాయనకు తెలిస్తే ప్రాణం తీసుకుంటాడని, పుట్టింటివాళ్లు పంపారని చెప్పి ఆ తల్లి వండిపెట్టింది. వాళ్లు తిన్నది ఎవరి బియ్యం? మీ పిడికెడు బియ్యం! దేవుని బియ్యం!"

"హల్లెలూయా!"

మగ్గం ఆగింది.

హుసేనమ్మ లేచి నిలబడింది. నిలబడి ఏం చేయాలో తెలియలేదు. పక్కనున్న ఆమె, ఆత్మ తాకిందనుకుని, తనూ లేచి చేతులెత్తింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు గుమ్మం దగ్గర అందరికీ చేయి కలుపుతున్నారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి వంగి, మెల్లగా అన్నారు.

"పేరు చెప్పలేదు. చూశావు కదమ్మా?"

ఆమె ఇంటికి పరుగెత్తి వెనక గోడ దగ్గర నిలబడింది.

"అక్కా. మాదేవక్కా."

 ఇంట్లోంచి నీలకంఠప్ప గొంతు వినపడింది. అరవడం లేదు. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడుతున్నాడు.

"హొళగుంద అంటివి. తమ్ముడంటివి. ఈ గోడేనా హొళగుంద? ... సెప్పు. ఈ గోడేనా?"



మర్నాటి నుంచి సంగతులన్నీ సుంకప్ప ద్వారా తెలిశాయి. ఆయన పొద్దున బస్సు ఎక్కే ముందు బజారులో బండి దగ్గర బొరుగుల ఉగ్గాని తింటాడు. ఊరి మాటలన్నీ ఆ పెనం దగ్గరే వేగుతాయి. సోమవారం కొందరు కుర్రవాళ్లు కాగితం పట్టుకుని నీలకంఠప్ప దగ్గరికి పోయారట. బియ్యం ఇచ్చి మతం మార్చబోయినారని సంతకం పెట్టమన్నారట.

"పెట్టినాడా?" అంది హుసేనమ్మ.

"పెట్టలే. నాతో ఎవురూ మతం మాట ఎత్తలేదప్పా, ఎత్తిందంతా మైకులోనే అన్నాడంట. మనిషి మనిషే."

"ఇంగేమన్నారు?"

"వాళ్ల పెద్దలు కూసున్నారంట. శుద్ధి సేసి కొత్త లింగం కట్టల్లంట. అంతవరకు ఇంటికి ఎవురూ పోకూడదంట." సుంకప్ప చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. "నీ అయ్యగారు పేరు సెప్పలేదులే. ఇంటికి దోవ సెప్పినాడు."

"సెప్పమన్నది నువ్వు కదా."

సుంకప్ప లేచి లోపలికి పోయాడు. అన్నం తిని పడుకున్నాడు.

ఆమె అయ్యగారి ఇంటికి పోయింది. ఆయన భోజనం మధ్యలో లేచి వచ్చారు. ఆమె చెప్పిందంతా విన్నారు. ముఖం చిన్నబోయింది.

"నేను మంచి ఉద్దేశంతోనే చెప్పానమ్మా. సంఘం ముందు నీ నింద పోగొట్టాలి కదా. వెలుగు వచ్చినప్పుడు కొంత అలజడి ఉంటుంది. వాళ్ల కోసం ప్రార్థన చేద్దాం."

"పోయి మాట్లాడండయ్యా. తప్పయిందని ఒక్క మాట సెప్పండి."

"ఇప్పుడు నేను పోతే గొడవ ఇంకా పెద్దదవుతుంది. నీకు తెలియదు, కాలం బాగాలేదు." ఆయన ఆమెను గుమ్మం దాకా సాగనంపారు. "ఈస్టరుకు నువ్వు బల్లకు రావచ్చు. కమిటీకి చెప్పేశాను. మొదటి వరసలో నిలబెట్టమన్నాను."

*

ఈస్టరు నాడు ఆమె తెల్లచీర కట్టుకుంది. రాకుండా ఉండాలనుకుంది. ఇంట్లో కూర్చుంటే గోడ కనిపిస్తుంది. అందుకని వచ్చింది.

పాటలయ్యాయి. బల్ల మీద తెల్లగుడ్డ తీశారు. పుష్ప టీచరు వచ్చి హుసేనమ్మ భుజం పట్టి లేపి వరసలో ముందు నిలబెట్టింది.

"మనసులో ఏం పెట్టుకోవద్దు ఉసేనమ్మా. నాకు తెలీలేదు," అంది చెవిలో.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. నీలకంఠప్ప దిగాడు. నుదుటి నిండా విభూతి, ఉతికిన పంచె. మెడలో లింగం కాయకు తాడు కొత్తది. ఆటోవాడు బియ్యం మూట కిందికి లాగాడు. నీలకంఠప్ప గేటు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఈడ పెద్ద ఎవురు?"

అయ్యగారు ఆరాధన అంగీతోనే పీఠం దిగి బయటికి వచ్చి చేతులు జోడించారు.

"లోపలికి రండన్నా. పండగ పూట వచ్చారు."

"మీ గడప వద్దు. మా ఇంట్లో తిన్నది ఇది. దించుకోండి. తూకం తక్కువుంటే సెప్పి పంపండి."

"అన్నా, అది అప్పు కాదు..."

"అప్పే అయ్యుంటే అందరికీ మైకులో సెప్పేవాళ్లు కాదు కదా స్వామీ," అని నీలకంఠప్ప ఆటో ఎక్కాడు.

కమిటీవాళ్లు ఇద్దరు మూటను మోసుకొచ్చి డ్రమ్ము పక్కన దించారు. జనంలో గుసగుస మొదలైంది. అయ్యగారు పీఠం దగ్గరికి వచ్చి కాసేపు మూట వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పాలి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. మైకు అందుకున్నారు.

"సంఘమా, ఎవరి హృదయం ఎట్లా మారుతుందో మనకు తెలియదు. పిడికెడు ఇస్తే దేవుడు మూటగా తిరిగి పంపాడు. ఈ పూట ప్రేమ విందుకు ఇవే వండుకుందాం."

"స్తోత్రం!"

ఆయన రొట్టె చేతిలోకి తీసుకుని హుసేనమ్మ వైపు తిరిగారు. ఆమె చేతులు చాచలేదు. మనమీద ఎవరికైనా కోపం ఉంటే, కానుక అక్కడే విడిచి, ముందు పోయి వాళ్లతో సమాధానపడి రావాలన్నది కూడా ఆయన ఇదే పీఠం మీద నుంచి చెప్పిందే. ఆమె వరసలోంచి బయటికి వచ్చింది.

"యాడికి? నీదే మొదటి వరస," అంది పుష్ప టీచరు కొంగు పట్టుకుని.

హుసేనమ్మ కొంగు విడిపించుకుంది.

మహాదేవమ్మ ఇంటికి ముందు వాకిలి నుంచి ఆమె ఎప్పుడూ పోలేదు. గేరి చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. అరుగుల మీద ఉన్నవాళ్లు చూశారు. ఎవరూ పలకరించలేదు. తలుపు తీసే ఉంది.

లోపల మగ్గం లేదు. గుంట ఉంది. గోడవార తెంపిన పడుగు ఉండలా చుట్టి పడేసి ఉంది. మహాదేవమ్మ పెరట్లోంచి తట్టతో మన్ను తెచ్చి గుంటలో పోస్తోంది. సగం పూడింది.

"మగ్గం యాడక్కా?"

"ఆదోనిలో కట్టెల అడితికి పోయింది. బియ్యం మూట ఊకే వస్తాదా?"

"మిమ్మల్ని తెచ్చియ్యమని ఎవురడిగినారు అక్కా?"

"నిన్ను సెప్పమని ఎవురడిగినారు?"

హుసేనమ్మ గడప బయటే మోకాళ్లమీద కూలబడింది.

"తప్పయింది. దేవునికి సెప్పినట్టే అనుకున్నా. నన్ను కొట్టు అక్కా. ఏమన్నా అను."

"ఏమనేది? ఆకలైనప్పుడు పెట్టినావు. లేదంటానా? తిన్నాం." మహాదేవమ్మ తట్ట కింద పెట్టింది. "పెట్టకపోయుంటే ఒకరోజు సచ్చిండేవాళ్లం. మా వాళ్లే వచ్చి మోసిండేవాళ్లు. ఇప్పుడు ఆయన పవర్‌లూం షెడ్డులో ఊడ్చే పనికి పోతాండాడు. ఎవురూ మాట్లాడరంట. పొరపాటున తాకితే నీళ్లు సల్లుకుంటారంట."

"నేను వచ్చి అందరి ముందర సెబుతా. అబద్ధం అని సెబుతా."

"మీలో అబద్ధం సెప్పకూడదు కదా."

అది ఎత్తిపొడుపో, నిజంగానే అడిగిందో హుసేనమ్మకు అర్థం కాలేదు. మహాదేవమ్మ తట్ట ఎత్తబోయి నడుము పట్టుకుంది. హుసేనమ్మ అలవాటుగా లేచి, గడపలోకి వంగి తట్ట అంచు పట్టుకోబోయింది.

"ముట్టొద్దు."

హుసేనమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

"మొన్ననే శుద్ధి సేసినారు, ఉసేనమ్మా. మళ్లా సేయించే శక్తి మాకు లేదు."

కోపంగా అనలేదు. కూలిపని మధ్య కబురు చెప్పినట్టు చెప్పింది. గోడ మీదుగా గంజి పోసిన అన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్య ఆ మాట రాలేదు. మహాదేవమ్మ తట్ట తనే ఎత్తుకుని పెరట్లోకి పోయింది. మళ్లీ మన్ను తెచ్చి పోసింది. హుసేనమ్మ ఇంకా నిలబడే ఉండటం చూసి తలుపు రెక్క దగ్గరికి వేసింది.

హుసేనమ్మ చర్చికి తిరిగి వచ్చేసరికి బల్ల అయిపోయింది. తెల్లగుడ్డ మడిచి పెట్టారు. ఆవరణలో షామియానా కింద చాపలు పరిచి వడ్డిస్తున్నారు. పుష్ప టీచరు బకెట్టు పట్టుకుని ఎదురొచ్చింది.

"పోయి మాట్లాడినావా? మంచి పని సేసినావు. రా, కూసో. బియ్యం బాగున్నాయి, పాతవి, అన్నం పొడిపొడిగా వచ్చింది."

"అది మగ్గం టీచరమ్మా."

"ఏంది?"

"మగ్గం అమ్మి తెచ్చిన బియ్యం. గుంట పూడ్చుకుంటాండాది మాదేవక్క."

పుష్ప టీచరు బకెట్టు కింద పెట్టింది. నిజంగానే బాధపడింది.

"అయ్యో దేవుడా. ... అయ్యగారికి సెబుతా ఉండు. వచ్చే ఆదివారం వాళ్ల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టిద్దాం."

"మైకులో వద్దు," అంది హుసేనమ్మ.

వెనక నుంచి ఎవరో అన్నం అన్నం అని కేకేశారు. పుష్ప టీచరు బకెట్టు ఎత్తుకుని పోయింది.

సుంకప్ప చివరి వరసలో కూర్చుని ఉన్నాడు. భార్యకు బల్ల ఇస్తున్నారని ఆ రోజు ఆదోని పోలేదు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. విస్తరిలో అన్నం, పప్పు, కోడికూర. చెప్పింది. మగ్గం, గుంట, ముట్టొద్దన్న మాట, అన్నీ. ఆయన కలిపిన ముద్ద చేతిలో పెట్టుకుని విన్నాడు.

"బల్ల అందిందా నీకు?"

"లే."

"అందుకుని పోయుండొచ్చు కదా మేయ్."

 ఆయన విస్తరి వైపు చూశాడు. చుట్టూ తింటున్నవాళ్లను చూశాడు.

"పారేస్తే మటుకు వాళ్లకు మగ్గం వస్తాదా?" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత తల ఎత్తకుండా విస్తరి ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

ఆయన చేయి కడుక్కుని వచ్చేదాకా హుసేనమ్మ ఎండలో నిలబడింది. తర్వాత ఇద్దరూ ఇంటికి పోయారు.